వేరా చెప్పని జవాబు

మిలాన్‌లో నెలనెలా వచ్చే 'నెబ్బియా' బొమ్మల పుస్తకంలో ఆ పేరు గల దొంగ ఏం మాట్లాడినా ఎర్సీలియా చేతిరాతే. కథలు ఒకరివి, బొమ్మలు ఇంకొకరివి. మాటల బుడగల్లో అక్షరాలు రాయడం మాత్రం ముప్పై ఏళ్లుగా ఆమె పని.

మొదట్లో కథలు రాసింది అత్తీలియో. అతని నెబ్బియా పెద్దగా నోరు విప్పేవాడు కాదు. బ్యాంకు దోచుకొచ్చి కూడా ప్రియురాలు వేరాతో ఒక్క ముక్క అని ఊరుకునేవాడు. వేరా బదులిచ్చేది కాదు.

"ఇలాగైతే నా ఉద్యోగం ఊడుతుందండీ," అంది ఎర్సీలియా ఓసారి.

"మీకు చెయ్యి నొప్పి కదా. తగ్గాక ఎక్కువ రాస్తాలెండి," అన్నాడతను, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె చాన్నాళ్లు చూసింది. అనలేదు. తనూ అడగలేదు. తల్లికి పక్షవాతం వచ్చిందని అతను తన ఊరు ట్రియెస్తె వెళ్లిపోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, అంతే.

తర్వాత వచ్చిన కొర్రాదో చేతిలో దొంగ వాగుడుకాయ అయ్యాడు.

"వీడు దొంగతనానికి వెళ్లాడా, ఓట్లడగడానికి వెళ్లాడా?" అందామె.

"జనం కొంటున్నారుగా సిన్యోరా," అని నవ్వాడు కొర్రాదో.

అతని తర్వాత నీవెస్ వచ్చి, దోపిడీల పథకాలన్నీ వేరా చేత వేయించింది. అది ఎర్సీలియాకి నచ్చింది. అయినా కొత్త కథ చేతికొచ్చిన ప్రతిసారీ ఆమె కళ్లు పాత నిశ్శబ్దం కోసం వెతికేవి.

ఎనభై తొమ్మిదిలో ఒక కథ వచ్చింది. మొదటి ఆరు పేజీల్లో ఒక్క మాటా లేదు. ఏడో పేజీలో, వేరా గాయానికి కట్టు కడుతూ నెబ్బియా అడుగుతాడు: "చలేస్తోందా?"

ఎర్సీలియా కలం ఆగిపోయింది. ఎవరు రాశారని సంపాదకుణ్ణి అడిగింది.

"మార్తా అని కొత్తమ్మాయి. ట్రియెస్తె నుంచి పంపింది."

శనివారం రైలెక్కింది. ఉత్తరాల మీదున్న చిరునామాకి ముందు వెళ్లింది. అత్తీలియో పోయి నాలుగేళ్లయిందని పక్కింటావిడ చెప్పింది. పెళ్లి చేసుకోలేదట.

అక్కణ్ణుంచి మార్తా ఇంటికి వెళ్లింది. ఆ అమ్మాయికి అతనెవరో తెలియదు. పాత నెబ్బియా పుస్తకాలు చదివి రాయడం నేర్చుకుందట.

"బాగా రాలేదా అండీ?" అంది భయంగా.

"అచ్చం ఆయన రాసినట్టే ఉందమ్మా. ఒక్కటే అడుగుతాను, ఈసారి వేరా చేత జవాబు చెప్పించు. ఇలాంటి మాటకి ఇన్నేళ్లూ ఒక్కసారీ చెప్పలేదు."

మార్తా ఆమె ముఖంలోకి చూసింది. కాగితం ఆమె వైపు జరిపి, "మీరే చెప్పండి," అంది.

ఎర్సీలియా కలం తీసి రాసింది: "వేస్తోంది. దగ్గరికి రా."