ఎల్లయ్య ఇంటి మట్టి పరీక్ష

2022 ఏప్రిల్. వనపర్తిలో ఒక చిన్న సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కోడేరు దగ్గరి ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బడి భవనాలు, గోదాములు, వాటర్ ట్యాంకుల పనులే. రెండు గదుల ఇంటికి మట్టి పరీక్ష అడిగేవాళ్లు అరుదు. అడిగినాయన పేరు ఎల్లయ్య. ముప్పై ఏళ్లు పుణెలో మేస్త్రీ పనిచేసి, భార్య చెన్నమ్మతో ఊరికి తిరిగొచ్చి, తన జాగా పక్కనే రేకుల షెడ్డులో ఉంటున్నాడు.

"మందికి మస్తు ఇండ్లు కట్టిన బిడ్డా," అన్నాడు మేం వెళ్లగానే. "నల్లమట్టిల కట్టిన గోడలు రెండేండ్లకే నెర్రెలిచ్చుడు కండ్లార చూసిన. నా ఇల్లు గట్ల కావొద్దు."

ప్లానులో ఇల్లు పడమర వైపు, రోడ్డు పక్కన ఉంది. అక్కడే బోరు వేసి ఎస్‌పీటీ చేశాం. అంటే అరవై మూడున్నర కిలోల సుత్తిని ఒకే ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం ముప్పై సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెట్టడం. దెబ్బలు ఎంత తక్కువైతే నేల అంత మెత్తన. ఎల్లయ్య రాయి మీద కూర్చుని, దగ్గుకుంటూనే మాతోపాటు లెక్కపెట్టాడు. ఆరు దాటలేదు. పదకొండు అడుగుల దాకా నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గట్టి మొరం నేల ఆ కిందెక్కడో తగిలింది.

ల్యాబ్ పరీక్షలయ్యాక సేఫ్ బేరింగ్ కెపాసిటీ, అంటే నేల కుంగకుండా మోయగల బరువు, లెక్కకట్టి రిపోర్టు ఇచ్చాను. మామూలు పునాది పనికిరాదు, మొరం దాకా పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దించాలి, వానాకాలం పోయాకే మొదలుపెట్టాలి.

"జర ముందుగాల కాదా బిడ్డా?" అని అడిగాడు.

"వద్దు కాకా. ఈ మట్టితోని తొందర పడొద్దు."

"సరే. నువ్వు చెప్పినట్లే కానీ," అన్నాడు. ఎందుకంత తొందర అని నేను అడగలేదు.

డిసెంబర్‌లో కాంట్రాక్టరు పిలిస్తే పైల్స్ పని చూడటానికి వెళ్లాను. చెన్నమ్మ ఒక్కతే ఎదురొచ్చింది.

"కాక ఏడి?"

"పోయిండు బిడ్డా. వానలల్ల."

షెడ్డులో, రేకులు కారుతుంటే తడవని మూలకు మంచం జరుపుకుంటూ చివరి రోజులు గడిపాడట. ఊపిరితిత్తులు ఖరాబయ్యాయని, ఎక్కువ కాలం లేదని దవాఖానలో ఎండాకాలమే చెప్పారట.

"నాకొక్క మాట చెప్పకపోతిరి," అన్నాను.

"నేను చెప్తనంటె వద్దన్నడు. చెప్తే మట్టి మారుతదా అన్నడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాలుగు దినాలన్న మన స్లాబు కింద పండాలె అంటుండె."

జాగా తూర్పు చివర మరుగుదొడ్డి కోసం తవ్విన గుంత కనిపించింది. దిగి చూశాను. రెండడుగుల కింద గట్టి మొరం. గునపం మొన కూడా దిగలేదు. ఆ మూలన ఒక్క గది వేసుకోవడానికి పైల్స్ అక్కర్లేదు. వానలకు ముందే స్లాబు పడేది. పడమర ప్లాను చూసి పడమరే బోరు వేశాను. ఇంకో వైపు చూడాలన్న ఆలోచనే రాలేదు.

దాచబుద్ధి కాలేదు. చెన్నమ్మకు చెప్పేశాను. ఆమె గుంత అంచున కూర్చుని చాలాసేపు ఆ మొరం వైపు చూసింది.

"గీ మాట ఆయన ఉండంగ తెలిస్తే ఒక గదన్న అయిపోతుండె," అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

మరుసటి వేసవికి ఇల్లు పూర్తయింది. ఇప్పుడు చెన్నమ్మ అందులో ఒక్కతే ఉంటుంది.

నా రిపోర్టులో తప్పు లేదు. మళ్లీ లెక్కకట్టినా అదే వస్తుంది. కానీ అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మిషను దించకముందే ఇంటివాళ్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈ ఇంట్లో ఎవరుంటారు, ఎప్పటిలోగా లోపలికి పోవాలి అని అడుగుతున్నాను. జాగా నాలుగు మూలలూ తిరిగాకే బోరుకు గుర్తు పెడుతున్నాను. అడిగితే చాలామంది చెప్తారు. ఎల్లయ్య కూడా చెప్పేవాడేమో.