వంత కోసేసిన పాటలు

ఎనిమిది వేలు చాలనుకున్నాను. సెకనుకు ఎనిమిది వేల శాంపిళ్లు, పదహారు కిలోబిట్లు, ఒకే చానెల్. ఫోనులో మాట అర్థం కావడానికి అంతకంటే అక్కర్లేదని కాలేజీలో చదివినవాణ్ణి. లెక్క కూడా ముందే కట్టుకున్నాను. తొమ్మిది గంటల పాట అరవై అయిదు ఎంబీ అవుతుంది. చిన్నమ్మ ఫోను కార్డులో మిగిలిన చోటు డెబ్బై.

ఆ తొమ్మిది గంటలూ పెనుకొండలో చెక్కభజన గురువు పాత శిష్యులకు పాటలు నేర్పుతుంటే నేను కూర్చుని రికార్డు చేసినవి. ధర్మవరంలో చీరలు నేసే ఆడవాళ్లు పన్నెండు మంది ఆయన దగ్గరే ఒక జట్టు కట్టి, ఏటా తేరు పండగలో భజన చేస్తారు. ముందుపాట పాడే ఆమె కాపురం మడకశిరకు మారిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. ఇన్నేళ్లూ వెనక నిలబడి వంత పాడిన చిన్నమ్మకు ఆ చోటు కావాలి. గురువు దాపరికం లేకుండా చెప్పాడు.

"నెలలోపల ముప్పై పాటలూ నోటికి రావల్ల. రాకుంటే గుడిబండ నుంచి మనిషిని పిలిపిస్తా. తేరు నీకోసరం నిలబడదమ్మా."

రాసుకోవడానికి ఆయన ఒప్పుకోడు. కాగితం చూసి నేర్చినవాళ్లకు పాట వస్తుందట, అడుగు పడదట. చిన్నమ్మేమో మగ్గం దిగితే పొయ్యి దగ్గర, అక్కడి నుంచి లేస్తే మళ్లీ మగ్గం మీద. నేసేటప్పుడు మాత్రమే ఆమె చెవులు ఖాళీ. పెద్ద కార్డు కొనిచ్చాను. ఆమె బటన్ల ఫోను దాన్ని గుర్తుపట్టలేదు. పాత కార్డులో ఉన్న పాటలు తీసేద్దామంటే, "ఒక్కటి తీసినా నీకు అన్నం పెట్టను" అంది.

హిందూపురంలో నా గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముప్పై పాటలూ పరీక్షించాను. ఒక్కో పాట పక్కన టిక్కు పెట్టాను. ఆదివారం పొద్దున రైల్లో ధర్మవరం పోయి ఎక్కించి ఇచ్చాను. చిన్నమ్మ ఫోనును మగ్గం గుంజకు దారంతో వేలాడదీసి, గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేయడం మొదలుపెట్టింది. రెండో పాట సగంలో మగ్గం ఆపింది.

"ఏమప్పా, ఆయప్ప నోట్లో వక్క పెట్టుకుని పాడినాడా?"

"బాగానే ఉండాది కదా చిన్నమ్మా!"

"మగ్గం ఆపితే బాగుండాది. ఆపితే చీర ఎవరు నేస్తారు, మీ కంపెనీవాళ్లా?"

పక్క మగ్గం మీద చిన్నాయన నాడె విసురుతూనే అన్నాడు: "ఇంజనీరు గదే. వాని చెవులకు మాత్రం వినపడేట్ల చేసినాడు."

మగ్గాల ఇళ్ల మధ్య పుట్టి పెరిగి, మగ్గం మోతను లెక్కలో వేసుకోలేదు! సిగ్గేసింది. పక్కన కూర్చుని సరిగ్గా విన్నాను. పోగును అదిమే పన్నె పడే ప్రతి దెబ్బకూ పాటలోని బరువైన స్వరాలు మునిగిపోతున్నాయి. అవి ఆ చిన్న స్పీకరు ఎలాగూ సరిగ్గా పలికించలేనివి. ఆ మోతలో మాటను మాటగా నిలబెట్టేవి పైన సన్నగా మోగే హల్లుల అంచులు. ఎనిమిది వేల శాంపిళ్లంటే నాలుగు వేల హెర్ట్జ్‌కు పైనున్నదంతా పోతుంది. నేను కోసేసింది సరిగ్గా ఆ అంచులనే.

శాంపిళ్లు పదహారు వేలకు పెంచాలి. దానికి పదహారు కిలోబిట్లు చాలవు, కనీసం ఇరవై నాలుగు కావాలి. అప్పుడు ఫైళ్లు తొంభై ఏడు ఎంబీ. చోటు డెబ్బైయే. పాటలు తగ్గిద్దామా అంటే గురువు అడిగేది ముప్పై.

ఇంతలో ఫోనులో వంత మొదలైంది. గురువు పాడిన చరణాన్నే గుంపంతా తిరిగి పాడుతోంది. చిన్నమ్మ విసుక్కుంది.

"ఈళ్లెందుకు మధ్యలో? ఆడ నేను పాడుకోవల్ల. ఈళ్ల రొదలో నా గొంతు నాకే తెలీకుండా పోతాంది."

లేచి నిలబడ్డాను. తొమ్మిది గంటల్లో సగం ఈ వంత పాటే! దాన్ని కోసేసి, ఆ చోట అంతే నిడివి నిశ్శబ్దం పెడితే? బిట్‌రేటును అవసరాన్ని బట్టి మారనిస్తే నిశ్శబ్దం ఎనిమిది కిలోబిట్లతో సరిపెట్టుకుంటుంది. మిగిలినవన్నీ గురువు గొంతుకే. చిన్నమ్మ పక్కన నేల మీదే లెక్క వేశాను. మళ్లీ అరవై అయిదే! రెండుసార్లు వేసి చూశాను.

"వానికేమైంది?" అన్నాడు చిన్నాయన.

"వంత తీసేస్తాండా! ఆ సందులో నువ్వు పాడు చిన్నమ్మా!"

వారమంతా కంపెనీ నుంచి రాగానే కోత పనే. మరుసటి ఆదివారం కొత్త ఫైళ్లు ఎక్కించాను. మగ్గం ఆడుతోంది. గురువు గొంతు ఆ మోతను చీల్చుకుని వచ్చింది, పదునుగా, ప్రతి మాటా విడివిడిగా. ఆగింది. ఆ ఖాళీలో చిన్నమ్మ పాడింది. మళ్లీ గురువు, మళ్లీ చిన్నమ్మ. మూడో పాటకల్లా గోడవతల మగ్గం నేస్తున్న జట్టు మనిషి చిన్నమ్మకు వంత అందుకుంది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను.

గడువు నాటికి చిన్నమ్మ వెంట పెనుకొండ పోయాను. గురువు వరస తప్పించి అడిగాడు. పదకొండోది, నాలుగోది, ఇరవై రెండోది. మొదటి చరణం ఎత్తుకోగానే ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"నేను ఈన్నే ఉండా కదమ్మా! కొండ మీదోళ్లకు పాడతాండావా?"

మూడు వారాలు మగ్గం మోత మీద నేర్చిన గొంతు మరి. చిన్నమ్మ నాలుక కరుచుకుంది, తగ్గించి పాడింది. మాటలు జారాయి. తడబడింది. గురువు చెయ్యెత్తి ఆపాడు.

"వద్దులే, ముందుమాదిరే అరుచు. తేరు కాడ మైకు ఖర్చు తప్పింది."

ఆమె అరిచింది. ఒకటి వెంట ఒకటి, ఇరవై తొమ్మిది పాటలు. వీధిలో పోయేవాళ్లు వాకిట్లో నిలబడిపోయారు. గురువు తన చెక్కలు సంచిలో పెట్టుకుని లేచాడు.

"ఇంకొకటి ఉండాది కదా స్వామీ, ముప్పైయోది అడగలేదే?" అంది చిన్నమ్మ, రొప్పుతూనే.

"అది తేరు నాడు ఇంటాలే" అన్నాడు గురువు.