రాజేశ్వరి మేడం ఇచ్చిన గది

ఇస్త్రీ చేసిన దుప్పటిని ఎవరైనా ఫట్‌మని విదిలిస్తే చాలు, నాకు రాజేశ్వరి మేడం గుర్తొస్తారు. ఇవాళ పొద్దున మేడమీది గదిలోంచి ఆ చప్పుడు వినబడింది, దాని వెంటే గంజి వాసన వచ్చింది. చేతిలో పని వదిలేసి కాసేపు అలాగే నిలబడ్డాను. ఆవిడ రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఈ హోటల్ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను.

శాలిబండలో నవాబుల నాటి దేవిడీ, అంటే పాతకాలపు భవంతి ఇది. ఎత్తయిన కప్పులు, నడుమ పెద్ద వాకిలి, చుట్టూ కొద్దిపాటి గదులు. పాత ఇంటిని బాగుచేసి హోటల్ చేశారు, మేనేజరుగా రాజేశ్వరి మేడంను పెట్టారు. ఆవిడ ఈ వీధి చివరి గుడి పూజారిగారింటి ఆడపడుచు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్టాపు దాకా వినిపించేది. నేను ఉద్యోగం కోసం వెళ్ళేనాటికి నాన్నకు మోకాళ్ళు పట్టేసి, మాదన్నపేటలో మా పాల వ్యాపారం మూతపడింది. ఇల్లు నా జీతం మీదే నడవాలి. ఈ ఉద్యోగం రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

మేడం ఒక్క ప్రశ్నా అడగలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యాల నువ్వు గెస్టువి. రాత్రికి ఈడనే ఉండు. పొద్దుగాల మాట్లాడుదం."

"నేనా మేడం? ఏమన్న పని చెప్పుండ్రి, చేస్త."

"ఇదే పని. పో, పండుకో."

మా ఇంటావంటా హోటల్లో పడుకున్నవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు వెళితే చుట్టాల ఇంట్లో చాపమీద పడుకోవడమే తెలుసు. అక్కడ నోరు తెరిచి ఏదీ అడగకూడదని అమ్మ నేర్పింది. ఆ పెద్ద మంచం మీద ఓ వారగా, పరుపు నలగకుండా పడుకున్నాను. తెల్లారగానే పక్క సర్దాను, బాత్‌రూం కడిగాను, ఛాయ్ కప్పు కూడా కడిగి బోర్లించాను. మేడం మెచ్చుకుంటారని మహా సంబరంగా కిందికి దిగాను.

ఆవిడ పైకెళ్ళి గది చూసొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏంది పిల్లా, గెస్టు లెక్క ఉండమంటె గిట్ల చేసినవ్? సరే, ఏం లోటయిందో చెప్పు."

"ఏం లోటు లేదు మేడం. మస్తుగుంది."

"ఒక్కటి సుత లేదా?"

"లేదు మేడం."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయితె ఇంటికి పోమ్మా. నీ తక్లీఫే నువ్వు చెప్పలేకపోతివి. ఇంక వచ్చినోళ్ళ తక్లీఫ్ నీకేం కనవడ్తది?"

గుమ్మం దాకా నడిచాను. అక్కడ ఏమైందో ఏమో, ఒళ్ళు మండింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇంకా మొహమాటం దేనికి? గిర్రున వెనక్కి తిరిగాను.

"దిండు గంత ఎత్తుంటె ఎట్ల పండుకుంటరు మేడం? మెడ పట్టేసింది. బాత్‌రూం గడియ పడదు, తలుపుకు బకెట్ అడ్డం పెట్టుకున్న. పావురాల లొల్లికి నిద్రనే లేదు. ఇగ ఆ ఛాయ్! నేను పాలోళ్ళ బిడ్డను, నాకు దాపెడ్తరా? అండ్ల పాలు పేరుకే ఉన్నయ్!"

వంటాయన వంటింటి గుమ్మంలోంచి తొంగిచూశాడు. మేడం మొహం వెలిగిపోయింది.

"అబ్బ, వచ్చింది నోరు! గీ మాటలు ముందుగాలనే చెప్తె నీ సొమ్మేం పోతుండె? రేపటిసంది పనికి రా. వచ్చినంక ఫస్టు ఆ ఛాయ్ సంగతి చూడు."

బాగుందన్న అతిథిని ఆవిడ ఎప్పుడూ తేలిగ్గా నమ్మేవారు కాదు. ఒకసారి ఓ పెద్దాయన అంతా బాగుందంటూనే కంచంలో కూరను పక్కకు తోస్తున్నాడు. మేడం గప్‌చుప్‌గా పెరుగన్నం తెప్పించి ఆయన ముందు పెట్టించారు. ఆయన చిన్నపిల్లాడిలా మొత్తం తినేశాడు. అలాంటివి చూసీ చూసీ నాకూ అదే అలవాటైంది.

పోయిన ఆదివారం అమ్మ అన్నం వడ్డిస్తుంటే నోటికి వచ్చేసింది. "అమ్మా, నీకేమన్న లోటున్నదానే?"

"నాకేం లోటు బిడ్డా, మంచిగనే ఉన్న."

నేను నమ్మలేదు. కంచం పక్కకు జరిపాను. "గట్ల కాదు. చెప్పేదాంక నేను తిన."

అమ్మ కొంగు నలిపింది. "ఏం లేదు బిడ్డా... ఎవలెవలినో పిలిచి మంచిగ పండవెడ్తవ్ గద. నాకు సుత మీ హోటల్ల ఒక్క రాత్రి పండుకోవాలని ఉండె."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందే?"

"నువ్వు అడుగుతెగా?"

ఒకపక్క సిగ్గేసింది, ఇంకోపక్క నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని అక్కడికక్కడే ఫోన్ చేసి, మేడమీది గది అమ్మకు ఉంచమని చెప్పాను. నేను ఫోన్ పెట్టేసరికి అమ్మ బీరువా తెరిచి చీరలన్నీ మంచం మీద పరిచింది.

"బిడ్డా, గెస్టులు ఏం చీర కట్టుకుంటరే?"