బయటి నుంచి కట్టిన ముడులు

ట్రక్కు మమ్మల్ని క్యాంపులో దింపేసరికి ఉదయం పదకొండున్నర. లడఖ్‌లో పధ్నాలుగు వేల అడుగుల ఎత్తు. డెబ్భైల మొదటి రోజులు. చెట్టు లేదు, గడ్డి లేదు. గోధుమరంగు రాళ్ళు, వాటి మీద గాలి. రేపల్లె దగ్గర పొలాల్లో పెరిగినవాణ్ణి. చలంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కప్పుకునే దుప్పటి అనుకునేవాణ్ణి. ట్రక్కు దిగి ఇరవై అడుగులు నడిచి, ఊపిరాడక కూలబడ్డాను.

ఎదురుగా రేడియో సెట్టు ముందేసుకుని కూర్చున్న సిపాయి నా ట్రంకు పెట్టె మీద ఊరి పేరు చదివాడు. చదివి తెలుగులో అన్నాడు.

“రేపల్లా? మాది బాపట్ల. మెల్లిగా పీల్చు గురూ. ఇక్కడ గాలి కూడా రేషనే.”

ఆ పూట నుంచి నేను రేపల్లె, అతను బాపట్ల. ఆ క్యాంపులో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. టెంటు నలుగురికి సరిపోయేది. మాతో పాటు నర్సింగ్ అసిస్టెంటు ఉండేవాడు, మలయాళీ. నాలుగో మంచం మీద రేడియో బ్యాటరీలు.

నాలుగింటికి సుబేదారు హీటరు ఇచ్చాడు. చేత్తో పట్టుకెళ్ళే చిన్న కిరసనాయిలు హీటరు. పొగ గొట్టం లేదు. ఇస్తూ ఆర్డరు చెప్పి, నా చేత మళ్ళీ చెప్పించాడు. టెంటు పైన రెండు చివర్లా ఉన్న గాలి కిటికీలు తెరిచే ఉంచాలి. తలుపు గుడ్డ కింద జానెడు సందు వదలాలి. పడుకునే ముందు హీటరు ఆర్పాలి. ఒక్కడికి తలనొప్పి వచ్చినా, కడుపులో తిప్పినా, అందరూ బయటికి రావాలి.

“చలి అయితే నిన్ను నిద్ర లేపుతుంది. ఇది లేపదు,” అన్నాడు హీటరు చూపించి.

పగలు నాలుగు గంటలు కొండ మీది పోస్టులో నా కాపలా. బాపట్ల రేడియోలో పిలిచేవాడు.

“రేపల్లె, రేపల్లె, బాపట్ల మాట్లాడుతున్నా. ఏం కనబడుతోంది? ఓవర్.”

“మంచు. ఓవర్.”

“దాని పక్కన ఏంటి? ఓవర్.”

“మంచే.”

సెట్టు మీద సొంత భాష మాట్లాడినందుకు ఇద్దరం సుబేదారు చేత తిట్లు తిన్నాం. మర్నాడు మళ్ళీ పిలిచాడు. వాళ్ళ నాన్న బాపట్లలో బడిపంతులు, లూథరన్ క్రైస్తవులు. పడుకోబోయే ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రభువు ప్రార్థన చెప్పుకునేవాడు. వినీ వినీ నాకు సగం వచ్చేసింది.

రెండున్నర నెలలు ఆర్డరు తప్పలేదు. తర్వాత తుఫాను వచ్చింది. మూడు రోజులు మంచు అడ్డంగా కురిసింది. మూడో రోజు ఉదయం ఆరింటికి బాపట్ల రాత్రి డ్యూటీ దిగాడు. జలుబు, ఒళ్ళు నొప్పులు, పాదాలకి స్పర్శ లేదు. హీటరు పక్కనే మంచం లాక్కుని మూడు దుప్పట్లు కప్పుకున్నాడు. నర్సింగ్ అసిస్టెంటు తన వైద్యం టెంటుకి వెళ్ళిపోయాడు. నాకు తొమ్మిదిన్నరకి రేషను మోత. కింద రెండు కిలోమీటర్ల దూరంలో ట్రక్కు ఆగింది. పిండి, కిరసనాయిలు వీపు మీద వేసుకుని పైకి తేవాలి.

బయల్దేరుతుంటే గాలి కిటికీలోంచి మంచు పొడి అతని మొహం మీద పడుతోంది.

“ఆ తలుపన్నా కాస్త దగ్గరికి లాగరా,” అన్నాడు. “చెవులు తెగిపోతున్నాయి.”

“హీటరు ఆర్పి పడుకుంటావా?”

“కాళ్ళు వెచ్చబడగానే ఆర్పేస్తాలే. నువ్వెళ్ళు.”

అతను అడిగింది తలుపు ఒక్కటే. నేను రెండు గాలి కిటికీల్లోనూ ఖాళీ గోనెసంచులు దూర్చాను. బయటికొచ్చి తలుపు గుడ్డ కింది దాకా లాగి, తాళ్ళు బయటి నుంచి మూడు ముడులు వేశాను. గట్టిగా వేశాను, గాలికి ఊడిపోకుండా. అతను నిద్రపోతాడని నాకు తెలుసు. రాత్రంతా మేలుకున్నవాడు వెచ్చగా పడుకుంటే హీటరు ఆర్పడానికి లేవడనీ తెలుసు. ఆ వెచ్చదనం నా చేత్తో ఇచ్చానని సంతోషపడుతూ కొండ దిగాను.

తిరిగొచ్చేసరికి ఒంటిగంటా పది. ముడులు గడ్డకట్టాయి. పళ్ళతో లాగి విప్పాను. హీటరు ఎర్రగా, పొట్టిగా మండుతోంది. లోపల మా వంటిల్లంత వెచ్చగా ఉంది. బాపట్ల ప్రక్కకి తిరిగి పడుకున్నాడు, బుగ్గలు ఎర్రగా, నిండుగా. మూడు నెలల్లో అతని మొహం అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు. “లేవరా, బెల్లం వచ్చింది,” అని భుజం తట్టాను. చెయ్యి మంచం మీంచి జారింది.

నర్సింగ్ అసిస్టెంటు అతన్ని మంచులోకి ఈడ్చి నలభై నిమిషాలు ఛాతీ నొక్కాడు, నోట్లో ఊదాడు. ఆఖరికి వెనక్కి కూర్చున్నాడు.

“ఆ ఎరుపు చూశావా? హీటరు విషగాలిది. వాసన రాదు, కంటికి కనబడదు. నొప్పి కూడా తెలిసి ఉండదు,” అన్నాడు.

మూడింటికి సుబేదారు కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు.

“తలుపు తీసింది నువ్వేనా?”

“అవును సాబ్.”

“తాళ్ళు లోపల కట్టి ఉన్నాయా, బయటా?”

నేను తలుపు తీయడం ఎవరూ చూడలేదు. సంచులు పైన అలాగే ఉన్నాయి.

“లోపల, సాబ్.”

రాసుకున్నాడు. ఆజ్ఞ మీరి తానే మూసుకున్నాడని.

గడ్డకట్టిన నేలలో గొయ్యి తవ్వడానికి గునపాలతో మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. పాదిరి లేడు. భాష వచ్చినవాణ్ణి కాబట్టి ప్రార్థన నన్ను చెప్పమన్నారు. సగం చెప్పి ఆగిపోయాను. అయిపోయిందనుకుని అందరూ టోపీలు పెట్టుకున్నారు.

పదకొండు నెలలకి సెలవు దొరికింది. తెనాలిలో రైలు మారి ఇంటికొచ్చాను. నాలుగో రోజు బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. నిజం చెప్పడానికే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను.

పంతులుగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను బల్ల మీద కూర్చున్నారు. బైబిలు అట్టలో దాచిన మిలిటరీ ఉత్తరం తీశారు.

“ఇంగ్లీషులో రాశారండి. వాళ్ళమ్మకి నేనే చదివి అర్థం చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి పెద్దలు చెప్పిన మాట వినండని చెబుతున్నాను. నా కొడుకే వినలేదు.” ఉత్తరం మడిచారు. “అది తలుచుకుంటే ఏడుపు కూడా రావట్లేదు బాబూ. కోపం వస్తోంది వాడి మీద.”

నేను నోరు తెరిచాను. అప్పుడే వాళ్ళమ్మగారు కాఫీ గ్లాసుతో వచ్చారు. నన్నే చూస్తూ గుమ్మంలో నిలబడ్డారు.

“నీ గురించి ఉత్తరాల్లో రాసేవాడు నాయనా. ఆ పూట నువ్వు పక్కనుంటే వాణ్ణి అలా మూసుకోనిచ్చేవాడివి కాదు.”

కాఫీ తాగాను. “లేదండి” అన్నాను ఒకసారి. దేనికి లేదన్నానో వాళ్ళు అడగలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఎంతోమందికి చెప్పాను. మూసిన చోట నిప్పు పెట్టుకుని పడుకోవద్దని, చలైనా సరే గాలికి దారి వదలమని. బంధువుల ఇళ్ళలో బాలింతల గదుల్లోంచి కుంపట్లు బయటికి తీయించాను. మిలిటరీ మనిషి చాదస్తం అని నవ్వేవాళ్ళు. వాళ్ళకి అన్నీ చెప్పాను, ముడుల సంగతి తప్ప. ఆ పెద్దవాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. చెప్పాల్సిన చెవులు పోయాక మీకు చెబుతున్నాను.

ఆ రోజు బాపట్లలో నేను వెళ్ళడానికి లేచేసరికి వాన మొదలైంది. వద్దన్నా వినకుండా పంతులుగారు బస్టాండు దాకా వచ్చారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గొడుగు. దారంతా దాన్ని నా తల మీదే పట్టుకున్నారు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఎడమ భుజం నుంచి పంచె అంచు దాకా తడిసి ముద్దయి, గొడుగు నేను నిలబడిన చోటే ఇంకా ఎత్తి పట్టుకుని ఉన్నారు.