జంపక్క హోటల్ల గడప

మా జంపక్కకి ఒక్కటే జబ్బు. ఏ వస్తువునీ దాని పేరుతోని పిలవదు.

భద్రాచలం బస్టాండు పక్కన ఆమెది భోజనాల హోటలు. నేను మొదటిసారి పోయి కూసోంగనే వంటింట్లకు కేకేసింది. "భీమక్కా! సారుకి ఆకు పెట్టు, పొయ్యి వెయ్, మీద బస్సు పోయ్!"

లేచి నిలబడ్డ. "బస్సు నా మీద పోస్తవా తల్లీ?"

"గట్ల భయపడ్తరేంది సారూ! ఆకు-సున్నం, అంటే అన్నం. పొయ్యి-నిప్పు, అంటే పప్పు. బస్సు-కారు, అంటే చారు. ముందు తోకకి ప్రాస కుదరాలె, తర్వాత తోక కోసెయ్యాలె!"

బళ్లె జన్మంతా ప్రాసలు చెప్పి రిటైరైనోణ్ణి. ప్రాసతోని పప్పు వడ్డించొచ్చని నాకు తట్టనే లేదు!

ఇంటికొచ్చి ఫోన్ల వెతికిన. ఆస్ట్రేలియోళ్లు గూడ గిట్లనే మాట్లాడ్తరట! సాస్‌ని 'డెడ్ హార్స్' అంటరట, చచ్చిన గుర్రం. హార్స్‌కి సాస్‌కి ప్రాస కుదిరిందట. ఈ విద్య లండన్ బజార్ల పుట్టి ఓడెక్కి పోయిందంటరు. గిరాకీలకు తెల్వకుండ మాట్లాడుకునేటందుకని కొందరు, ఉత్త సరదాకని కొందరు.

తెల్లారి హోటల్కి పోయి అడిగిన. "మరి నీకెట్లొచ్చింది అక్కా?"

"నేను ఓడ గాదు, లాంచీ గూడ ఎక్కలే. నోరూరుకోక వచ్చింది."

నా ఛాతీ ఉబ్బింది. లండను, ఆస్ట్రేలియా, ఆ తర్వాత మా భద్రాచలమే! అర్థాలన్నీ రాసి హోటల్ల బోర్డు పెడ్తనన్న. జంపక్క మురిసింది గానీ, ఒక్క మాట రాయొద్దన్నది. గడప. రోజూ "భీమక్కా, మూలబల్లకి గడప!" అని అరుస్తనే ఉంటది.

"గడపంటే ఏంది?"

"గడపంటే గడపే. బోర్డు రాసుకో పో సారూ."

బోర్డు రాస్తున్న రోజు హోటలు నిండింది. మూలబల్ల కాడ పినపాక నుంచి వచ్చిన పెద్దాయన, చేతిల దవాఖానా చీటీలు. చాయ్ ఒక్కటి చాలన్నడు.

"భీమక్కా, గడప!"

పళ్లెం నిండ అన్నం వచ్చింది.

"నేనడగలే బిడ్డా."

"అవ్, అడగలే. ఎక్కువ వండి పారబొయ్యలేక చస్తున్న పెద్దయ్యా. జర తిని సాయం జెయ్."

నాకు టక్కున తట్టింది. సంబరం ఆగలే. కుంచె ఊపుకుంట అరిచిన. "దొరికిందక్కా! గడప-వాకిలి! అంటే ఆక..."

నోట్లె పొగలు గక్కే మిర్చిబజ్జి పడ్డది.

"నలుగుర్ల ఆకలోడంటే ఆయనకు ముద్ద దిగుతదా సారూ?" చెవిల గొణిగింది జంపక్క.

పెద్దాయన తలెత్తిండు. "గడపంటే ఏంది సారూ?"

కండ్లల్ల నీళ్లు కారుతుంటే చెప్పిన. "మి... మిర్చిబజ్జి!"

బోర్డు మీద గూడ గదే రాసిన. ఇప్పుడు బస్సు దిగినోళ్లంత "ప్లేటు గడప" అని అడుగుతున్నరు. అందుకే జంపక్క పాత మాట మార్చింది. కొత్తదానికి ప్రాస కుదిర్చింది నేనే, బళ్లె గూడ అంత మంచిది ఎన్నడూ చెప్పలే. ఏందని మాత్రం అడగకుండ్రి. భీమక్క కాడ బజ్జీలు ఇంకా వేడిగనే ఉన్నయ్.