పేర్ల ఫైల్లో సార్ రాసిన లైను

మా సర్వర్ సార్ పోయారని మంగళవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లుల రోడ్డు మీద పత్తి లారీ ఆయన స్కూటర్‌ను గుద్దేసిందట. "మీదికెళ్లే పోయింది బిడ్డా, మొకం గూడ గుర్తువట్టనియ్యలే" అన్నారామె. ఆ రోడ్డు మీదికి ఆయన్ని పంపింది నేనే. ఎట్లా పంపానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరీంనగర్ వైపు ఒక పత్తి యార్డులో కంప్యూటర్లన్నీ ఆయన చూసుకునేవారు. నేను ఆపరేటర్ని. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. సర్వర్లో గానీ గేటు కంప్యూటర్లో గానీ ఏ ఫైలు ముట్టుకున్నా, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో పైన ఒక లైను రాయాలి. రాయలేదో, కీబోర్డు ఎత్తి బల్లకేసి కొట్టేవారు. "రాయకుంట ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త" అని అరిచి, ఆ నోటితోనే చాయ్ తాగినవా అని అడిగేవారు. తాను మాత్రం సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. సర్వర్‌ను నడిపే లైనక్స్ అంటే గడగడ వణికిన నాకు ఒక్కో కమాండూ నేర్పింది ఆయనే.

నిరుడు సీజన్లో ఒక పొద్దున గేటు దగ్గర చీటీలు రావడం ఆగిపోయింది. చీటీ లేనిదే బండి లోపలికి రాదు. బయట సీజన్ రద్దీకి రెండు రోజుల నుంచి నిలబడ్డ ట్రాక్టర్లు, పైన మబ్బు. తడిస్తే ఆ పత్తి ఎవడూ కొనడు. గేటుకు చీటీలు పంపే సర్వర్ స్టేటస్ చూశాను. నడుస్తున్నట్టు పచ్చగా చూపిస్తోంది. ఆపి మళ్ళీ లేపాను, మళ్ళీ పచ్చగానే ఉంది. మూడోసారి లేపుతుంటే కిటికీ అద్దం పగిలి నా ఒళ్ళో పడింది. తలుపు విరిగింది. ఒక రైతు ఇనుప రాడ్డెత్తి మీదికొచ్చాడు. నా తల మీద పడాల్సిన దెబ్బకు సార్ పరుగున వచ్చి కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. కాపలావాళ్ళు ఆ రైతును కింద పడేసి బూట్లతో తొక్కుతుంటే, ఆ చెయ్యి వేలాడుతుండగానే సార్ రెండో చేత్తో వాళ్ళను గుంజి పక్కకు తోశారు. గచ్చు మీది నెత్తురు ఎవరిదో కూడా తెలియలేదు.

తర్వాత నా వైపు తిరిగి, "నడుస్తున్నది సరే. గేటు కాడికెళ్లి పేరు వెట్టి పిలువు" అన్నారు. గేటు కంప్యూటర్లో సర్వర్ పేరు కొట్టాను. అది సర్వర్ పాత నంబరుకు, అంటే పాత ఐపీ అడ్రసుకు, పోతోంది. అక్కడ ఏ యంత్రమూ లేదు. ముందు రోజు సర్వర్‌కు కొత్త నంబరు ఇచ్చింది నేను. ఏ పేరుకు ఏ నంబరో రాసి ఉండే ఫైలును గేటు దగ్గర దిద్దడం మరిచిపోయాను. ఛీ, అంత చిన్న పని! సార్ నా మొహం చూశారు, అర్థం చేసుకున్నారు. తిట్టలేదు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం నొక్కి ఫైలు సరిచేశారు. మొదటి చీటీ తనను కొట్టిన రైతుకే ఇప్పించారు.

ఆ గొడవ మీద విచారణలో అధికారి తప్పెవరిదని అడిగితే "నాదే" అన్నారు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆయన్ని ఆదిలాబాద్‌కు మార్చారు. పోయేరోజు నేను ఏడుస్తుంటే, "నాకింక రెండేండ్ల నౌకరి. నీది మొత్తం ముందట్నే ఉన్నది. ఫికర్ జెయ్యకు" అన్నారు. సిగ్గులేనిదాన్ని, ఏడాదిపాటు ఆ మాట పట్టుకుని బతికాను.

దహనం నుంచి తిరిగొచ్చాక, ఇన్నాళ్ళూ భయంతో ముట్టని ఆ గేటు కంప్యూటర్లోని పేర్ల ఫైలు తెరిచాను. కొత్త నంబరు పైన ఇంగ్లిషు అక్షరాల్లో సార్ కొట్టిన తెలుగు లైను ఉంది. నంబరు మార్చి ఇక్కడ రాయనిది నేనే అని. సగం అక్షరాలు తప్పు. నేను వాటిని దిద్దలేదు. కింద "కాదు, నేను" అని నా పేరు రాసి, ఆ పేజీ ప్రింటు తీసి, తీసుకెళ్లి అదే అధికారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. సార్ లైను మీద వేలు పెట్టి, అంత పెద్దమనిషి ఇన్ని తప్పులు ఎట్లా కొట్టాడని అడిగారు.

"అప్పటికే చెయ్యి ఇరిగున్నది సార్" అన్నాను. "నా నెత్తికి అడ్డం పెట్టిన్రు."