గఫూర్ సాబ్ ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్ట్

మొన్న ఎండల్లో పోచంపాడ్ జలాశయం ఒడ్డుకు వెళ్లాను. నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. పగుళ్లిచ్చిన ఒండ్రులోంచి ఒక పచ్చి వాసన లేస్తోంది, ఏళ్ల తరబడి మూసి ఉంచిన గది తలుపు తీస్తే వచ్చేలాంటి వాసన. దూరంగా ఒక మొండిగోడ నీళ్లలోంచి సగం పైకి లేచి కనిపించింది. ఈ నీళ్ల కింద మునిగిన ఊళ్లలో ఒకదాన్ని, అది మునగకముందు నేను చూశాను. నన్ను అక్కడికి తీసుకుపోయింది మా ఏజెంటు గఫూర్ సాబ్.

ఆ రోజుల్లో బ్యాంకు మేనేజరును ఏజెంటు అనేవారు. మా బ్యాంకు, రైతులు పసుపు తెచ్చి అమ్ముకునే నిజామాబాద్ గంజ్ పక్కనే ఉండేది. పసుపు సీజన్‌లో ఆయన నల్ల శేర్వానీ మధ్యాహ్నానికే పచ్చబడేది. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎడపల్లి నుంచి కొత్తగా గుమాస్తాగా చేరిన నాకు ఆయనే పని నేర్పారు. వ్యాపారులు కరెంటు ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువకు చెక్కు రాయడం, మేము దాన్ని చెల్లించడం నాకు మొదట్లో మింగుడుపడలేదు.

"ఖాతాల లేని పైసలు మనమెందుకు ఇయ్యాలె సాబ్?" అని అడిగాను.

"ముందుగాల ఒప్పుకున్నం గనుక. ఇంతవరకు వాడుకో అని ఒక హద్దు పెడ్తం. గదే ఓవర్‌డ్రాఫ్ట్. వాడుకున్నదానికే, వాడుకున్న దినాలకే మిత్తి," అన్నారు. హద్దు దేన్ని చూసి పెట్టాలో కూడా చెప్పారు. మన దగ్గరే ఫిక్సెడ్ డిపాజిట్ ఉంటే దాని మీద ఇవ్వడం అన్నిటికంటే నిశ్చింత. గోదాంలో సరుకుంటే దాని మీద ఇవ్వొచ్చు, కానీ సరుకు పుచ్చిపోవచ్చు, ధర పడిపోవచ్చు. ఇల్లూ జాగా రాసిచ్చినా ఇవ్వొచ్చు. "ఏమీ లేకుంటే?" అన్నాను. "మనిషి మీద ఇస్తం. అన్నిట్ల కష్టమైనది గదే." మళ్లీ ఆయనే, "ఒక్కటి యాదుంచుకో రాజేశం. అప్పుకు వాయిదాలుంటయి, దీనికుండయి. మనం అడిగిన దినమే కట్టాలె. గా మాట చెప్పకుంట ఇచ్చినవంటే దగా చేసినట్టే," అన్నారు.

భూమన్న పసుపు వ్యాపారి. ముంపు ఊరివాడు. ఊరంతా ఖాళీ అయ్యాక భార్యాపిల్లలతో నిజామాబాద్ వచ్చి కిరాయింట్లో ఉంటున్నాడు. నష్టపరిహారం ఇంకా చేతికి రాలేదు. పసుపు కొనడానికి డబ్బు లేకపోతే ఆ ఏడు వ్యాపారం మూతపడినట్టే. ఊళ్లోని ఇల్లు చూసి ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వమని వచ్చాడు. సర్కారు తీసుకున్న ఇంటి మీద ఏ బ్యాంకూ ఇవ్వదు. ఆ మాట అక్కడే చెప్పి పంపెయ్యొచ్చు. గఫూర్ సాబ్ మాత్రం, "కాగితం చూసి కాదనుడు అల్కగనే ఉంటది. ఇల్లు చూసినంకనే కాదని చెప్త," అని జీపు మాట్లాడమన్నారు. ఆ మాటకు భూమన్న మొహం పాలిపోయింది. సంతోషించాల్సినవాడు ఎందుకలా అయ్యాడో నాకప్పుడు అర్థం కాలేదు.

భూమన్నను వెంటబెట్టుకుని మేము ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇళ్లకు పైకప్పులు లేవు. జనం తలుపులు, దూలాలు, పెంకులు అన్నీ విప్పుకుని పోయారు. కుక్క అరుపు లేదు, కాకి కూత లేదు. కానీ ప్రతి గుమ్మం ముందూ కళ్లాపి చల్లి ఉంది. ప్రతి వాకిట్లో ముగ్గు ఉంది. కొన్నిచోట్ల నేల ఇంకా తడారలేదు. డ్రైవరు జీపు దిగనన్నాడు.

"భూమన్నా, ఎవలున్నరీడ?" అని సాబ్ మెల్లగా అడిగారు.

భూమన్న తల దించుకున్నాడు. "మా అవ్వ. రానంటది సాబ్. అక్క ఇంట్ల ఉన్నదని అందరికి చెప్తున్న."

వీధి చివరి ఇంటి అరుగు మీద ముసలమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నీళ్లిచ్చింది. "ఒక్కదానివే ఎట్లుంటున్నవ్ అవ్వా?" అని సాబ్ అడిగితే నవ్వింది.

"ఒక్కదాన్నెందుకైత బిడ్డా? అందరున్నరు. గా ఎదురింట్ల రాజవ్వ పొద్దుగాలసంది జొన్నలు ఇసురుతున్నది, ఇనవడుతలేదా?"

అప్పటిదాకా ఏమీ వినిపించలేదు. ఆమె అనగానే వినిపించింది. గరగరమని, ఆగి ఆగి, రాయి మీద రాయి తిరుగుతున్న చప్పుడు. కప్పులేని ఆ ఎదురింటి గోడల మధ్య నుంచే వస్తోంది. నేను ఒక్క ఉదుటున అరుగు దిగి జీపు వైపు నడిచాను. గఫూర్ సాబ్ ఆ ఇంటి ముందుకు వెళ్లి నిలబడి, నిజంగా లోపల మనిషి ఉన్నట్టే, "రాజవ్వా, లోపలికి రావచ్చునా?" అన్నారు.

చప్పుడు ఆగిపోయింది.

ఆయన లోపలికి వెళ్లి కాసేపటికి బయటికొచ్చారు. నేరుగా ముసలమ్మ దగ్గరికి వచ్చి కింద కూర్చున్నారు. "అవ్వా, రాజవ్వ ఊరిడిచి పోయేటప్పుడు ఇసుర్రాయి కూడ తీస్కపోయింది. అది పాతిన గుంత ఒక్కటే ఉన్నది."

ముసలమ్మ ఆ ఇంటి వైపు చూసింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "అయితే ఇన్ని దినాలసంది ఇసురుతున్నదెవలు బిడ్డా?" అంది.

ఆమే లేచి లోపలికి వెళ్లి రెండు చీరలు మూటగట్టుకుని వచ్చింది. జీపులో దారంతా కొడుకు భుజం వదల్లేదు. ఆ వానాకాలమే ఆ ఊరి మీదికి నీళ్లొచ్చాయి.

మర్నాడు గఫూర్ సాబ్ భూమన్నను పిలిచి, ఇంటి మీద ఇవ్వనన్నారు. అడిగినదాంట్లో సగానికి, ఏ పూచీ లేకుండా, మనిషి మీదే హద్దు పెట్టారు. "అడిగిన దినమే కట్టాలె. గది మరవకు," అని రెండుసార్లు చెప్పారు. భూమన్న ఆ సీజన్‌లో పసుపు కొన్నాడు, అమ్మాడు. ఖాతా లోటులోకి పోతూ, మళ్లీ పైకొస్తూ, చివరికి బాకీ లేకుండా నిలిచింది. ముసలమ్మ పట్నంలో మనవల మధ్య ఇంకొన్నేళ్లు బతికింది. కానీ ఇంట్లో విసుర్రాయి తిప్పనివ్వకుండా, పిండి మాత్రం గిర్నీలోనే పట్టించాలని పట్టుబట్టేదట.

సాబ్‌కు బదిలీ అయినప్పుడు రైల్వేస్టేషన్‌లో అడిగాను. "ఆ ఇంట్ల ఏం చూసిండ్రు సాబ్?"

"గుంత చూసిన. సప్పుడెక్కడిదో నాకు గూడ ఎర్కలేదు," అన్నారు.

"మరి ఏ ధైర్యంతోని భూమన్నకు ఇచ్చిండ్రు?"

ఆయన నవ్వారు. "సప్పుడు ఇనంగనే నువ్వు జీపు దిక్కు పోయినవు. భూమన్న ఒణుక్కుంటనే పోయి వాళ్లవ్వ ముందట అడ్డం నిలవడ్డడు. అంత భయంల గూడ ఇడిచిపెట్టి ఉరకనోడు మన పైసలెత్తుకొని ఉరుకుతడా?"

తర్వాత నేనూ బోధన్‌లో ఏజెంటునయ్యాను. చెరకు బండ్ల కాంట్రాక్టర్లు, బెల్లం వ్యాపారులు ఓవర్‌డ్రాఫ్ట్ కోసం వచ్చేవారు. డిపాజిట్లున్నవాళ్లకు డిపాజిట్ చూసి, సరుకున్నవాళ్లకు సరుకు చూసి ఇచ్చాను. ఏమీ లేనివాళ్లను మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకు భయమైతే ఎవల దిక్కు పోతవు?" అని అడిగేవాణ్ని. కొందరు నవ్వేవారు. కొందరు దేవుడి పేరు చెప్పేవారు. రెంజల్ నుంచి వచ్చిన ఒక బక్కపల్చటి రైతు మాత్రం నా మొహంలోకి చూసి, "నా దిక్కు వచ్చేటోళ్లే ఉన్నరు సారూ. నేను యాడికి పోత?" అన్నాడు.

అతనికి అడిగినంతా ఇచ్చాను.